బదులుకు వచ్చినం

నిన్నటి వానకు బాల్కనీలో ఆరేసిన జంపఖానా తడిసి ముద్దయింది. దాన్ని పిండుతుంటే తడి నూలు, పాత రంగు కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, జైనబ్ టీచర్ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కొత్తవాడ మోరీలోకి దిగుతూ కనిపిస్తారు. డెబ్బయ్యో దశకం చివర, వరంగల్‌లో నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మాకు సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఏదైనా పట్టుకున్నారంటే ఉడుంపట్టే.

ఆ ఏడు మా క్లాసు సుగుణ తమ్ముడు వాంతులు, విరేచనాలతో దవాఖానలో పడ్డాడు. వాళ్ళది కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ వాడకట్టు. అక్కడి మోరీ పూడిపోయి, మురుగంతా పక్కనున్న చేదబావిలోకి ఊరుతోంది. ఆ నీళ్ళే అందరూ తాగాలి. “ఆ మోరీ మనమే తీద్దాం” అన్నారు టీచర్. మేము ఎగిరి గంతేశాం. పాత దుప్పటి మీద ఎర్రరంగుతో ‘శ్రమదానం’ అని రాసి, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయని మురిసిపోయాం.

ఆ బ్యానర్ పట్టుకుని పాటలు పాడుకుంటూ వెళ్తే, సుగుణ నాయనమ్మ నర్సవ్వ అడ్డం నిలబడింది. బట్టమీద ఏముందో మనవరాలితోనే చదివించుకుంది.

“దానమా? మేమేమన్న అడుక్కతినెటోళ్ళమా? మగ్గం మీద రెక్కలాడిచ్చుకోని బతుకుతాన్నం. మీ దానం మాకొద్దు, పొండ్రి బిడ్డా!”

సుగుణ తలెత్తలేదు. మేము బ్యానర్ చుట్టుకుని తోక ముడిచాం. వద్దన్న చోటికి మనమెందుకు, ఇంకో వాడ చూసుకోండి అన్నారు హెడ్‌మిస్ట్రెస్. నాకూ అదే మంచిదనిపించింది. ఆడపిల్ల మోరీ ఎత్తడమేమిటని ఇంట్లో అమ్మ అప్పటికే చిందులు తొక్కుతోంది.

“ఇంకో వాడల మోరీ తీస్తె సుగుణ తమ్ముడు తాగే నీళ్ళు మంచిగైతయా మేడం?” అన్నారు టీచర్. “పోరడు దవాఖాన నుంచి వచ్చినంక మల్ల గా నీళ్ళే తాగాలె కద.”

మరునాడు బ్యానర్ లేకుండా, నన్నూ సుగుణనూ వెంటబెట్టుకుని వెళ్ళి, నర్సవ్వ గడపలో చతికిలబడ్డారు.

“అవ్వా, నీతోని జర పనిబడి వచ్చిన. మా పిల్లలు ఉత్త బండలమీద కూసుంటాండ్లు. సలికాలం వస్తాంది. మీరు మాకు జంపఖానాలు నేసియ్యాలె. మేము మీకు మోరీ తీసిస్తం. మీ తల్లిగారి ఊర్ల నాట్లకు బదులుకు పోరా? గట్లనే.”

నర్సవ్వ పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె. ఒకరి పొలంలో నాటేసి, బదులుగా తమ పొలంలో వేయించుకునే చోట పెరిగిన మనిషి. టీచర్‌ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది.

“గట్ల జెప్పు మల్ల! నిన్న దానమంటివి. బదులైతె రాండ్రి.”

మోరీలోకి మొదట దిగింది టీచరే. ఆ వెనక మేము. అద్దకం రంగులు పేరుకుని బురద ఒకచోట నీలంగా, ఒకచోట ఎర్రగా వచ్చేది. కంపు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే. మేము తట్టలకెత్తి అందిస్తే నర్సవ్వ కొడుకులు మోసుకుపోయారు. మోరీ పారింది. మగవాళ్ళు బావి తోడి మందు చల్లారు. సుగుణ తమ్ముడు ఇంటికొచ్చి, ఆ బావిగట్టు మీదే ఆడుకున్నాడు. వాణ్ణి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

చలి మొదలయ్యాక నర్సవ్వ జంపఖానాలు మోయించుకుని బడికి వచ్చింది. మిగిలిన నూలుతో నేసినవి, ఒక చారకూ ఇంకో చారకూ పొంతన లేదు. తానే పరిచి, మా మధ్యే కూర్చుని, “మా బదులు తీరింది” అంది.

“యాడ తీరిందవ్వా? మోరీ మల్ల నిండుతది. మేము మల్ల వస్తం” అన్నారు టీచర్. అన్నట్టే మరుసటి ఏడూ వెళ్ళాం, మా తర్వాతి క్లాసులవాళ్ళూ ఏటా వెళ్ళారు.

కొన్నేళ్ళకు ఆ బడి మూసేసినప్పుడు ఆ జంపఖానాల్లో ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నేను పిండుతున్నది అదే. నేనూ ఇప్పుడు టీచర్నే. మా పిల్లలు వచ్చేవారం ఒక బస్తీలో మొక్కలు నాటబోతున్నారు. బ్యానర్ మీద ఏం రాయాలి మేడం అని పొద్దున అడిగారు.

“బ్యానర్ వద్దు” అన్నాను. “ముందు పోయి, మొక్కలకు బదులుగా వాళ్ళు మనకేం చేసిపెడతారో అడిగి రండి.”