చాచా మేకపోతు తిన్న కవర్

పాల ప్యాకెట్లు కడిగి, తీగ మీద బట్టల పక్కనే ఆరేస్తాను. పాత సామాన్ల బండి ఆయన అవి తీసుకుంటాడు. కూరగాయలకిచ్చే పల్చటి కవర్లు చూపిస్తే మాత్రం చెయ్యి ఊపేస్తాడు. "గివి ఎవ్వరు తీస్కోరమ్మా, గాలికే ఎగిరిపోతయి" అంటాడు. పారేస్తే మూసీలో తేలతాయని నాకు మనసొప్పదు. అందుకని వాటికో పని కల్పించాను. తొక్కలు, మిగిలిన రొట్టె ముక్కలు వాటిలో వేసి, ముడివేసి, ఎదురింటి మేకపోతుకి తీసుకెళ్లేదాన్ని.

బక్రీద్ కోసం పెంచే మేకకి గల్లీలో తలా ఒకటి పెట్టడం మా కిషన్‌బాగ్‌లో మామూలే. ఆ మేక ఎదురింటి ముసలాయనది. ఆయన్ని అందరం చాచా అంటాం. అది పిల్లగా ఉన్నప్పటి నుంచి అరచేతిలో శనగలు పోసి పెంచాడు. తన చేత్తో పెంచినదాన్నే ఈసారి కుర్బానీ ఇవ్వాలని ఆయన కోరిక.

ఈ ఏడు, పండగ దగ్గరపడ్డాక, ఒక మధ్యాహ్నం వెళితే వాకిట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద పప్పు పొంగుతుందన్న తొందరలో ముడి విప్పకుండానే కవర్‌ని మేకని కట్టిన గుంజకి తగిలించి వచ్చేశాను. సాయంత్రం చూస్తే గుంజకి ఏమీ లేదు. చాచా కోడలు తీసిందనుకున్నాను.

మర్నాటికి మేక నెమరు మానేసింది. పొట్ట ఉబ్బింది. చాచా పక్కనే కూర్చుని దాని వీపు నిమురుతున్నాడు.

"చాచా, నిన్న కవర్‌తోనే తగిలిచ్చి పోయిన. గది గూడ తిన్నట్టుంది" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ముందుగాల ఆటో పిలువు బేటీ" అన్నాడు.

పశువుల దవాఖానలో పొట్ట కోసి తీస్తే ఒక్క కవర్ కాదు, తాడులా మెలిపడిన కవర్ల ముద్ద వచ్చింది. నా కళ్లు చూసి కోడలు నవ్వించబోయింది. "చూడక్కా, గల్లీ మొత్తం గీ పొట్టలనే ఉన్నది. నువ్వొక్కదానివే ఏడుస్తవేంది?"

నిజమే. కానీ మిగతావి అది రోడ్డు మీద ఏరుకుని తిన్నవి. నాది నేను చేత్తో మోసుకెళ్లి పెట్టింది.

మేక బతికింది. పండగనాటికి కుట్లు మానలేదు. గాయమున్నదాన్ని కుర్బానీ ఇవ్వరు కాబట్టి వేరే మేకని తెచ్చారు. ఈద్ ముబారక్ చెబుదామని వెళ్లాను. చాచా కొత్త బట్టల్లో తన మేక దగ్గరే కూర్చున్నాడు. నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాను.

"గట్ల నిలబడ్డవేంది? వచ్చే ఏడు దీన్నే ఇద్దాం తియ్" అన్నాడు. మేక మెడ నిమిరి, "నేనుంటే" అన్నాడు.

"ఉంటవ్ చాచా" అన్నాను.

ఆయన నా మాట నమ్మినట్టే తలూపాడు.