రజిత ఊపిన చెయ్యి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. సూరత్ దగ్గర జోల్వాలో మా మగ్గాల షెడ్డు చప్పుడుకు ఆకాశంలో గద్దలు కూడా దారి మార్చుకుంటాయి.

మా అమ్మాయి రజిత ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊరి మహిళల జట్టులో జీతానికి రగ్బీ లీగ్ ఆడేది. బంతి పట్టినవాళ్ళను పడగొట్టే ఆట అది. పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున చాయ్ కొట్టు దగ్గర నా ఫోన్‌లో ఆమె మ్యాచ్ చూస్తున్నాం. నా వెనక సగం గుజరాత్ నిలబడి ఉంది.

"గెలిస్తే ఏమిస్తరే అన్నా?" అన్నాడు తోటి కార్మికుడు మల్లేశు.

"ఊరే రాసిస్తర్రా," అన్నాను.

అంతలో ఏనుగుల్లాంటి ముగ్గురు రజిత మీద పడ్డారు. వాళ్ళు లేచారు, మా పిల్ల లేవలేదు. పక్కనే మా ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుంది.

"లేసిందా? జర చెప్పయ్యా, పానం ఆగుతలేదు."

"స్ట్రెచర్ మీద తీస్కపోతున్నరు. నీకు చెయ్యి ఊపుతున్నదే," అన్నాను.

కళ్ళు తెరవకుండానే ఆమె ఫోన్ వైపు తిరిగి తనూ చెయ్యి ఊపింది.

మెడకు దెబ్బ. రజిత ఇప్పుడు నడుస్తోంది కానీ ఆట పోయింది. పరామర్శకు ఎవరొచ్చినా మా ఆవిడ ఆ చెయ్యి గురించే చెబుతుంది.

మిగతావన్నీ నేను కాస్త పెంచినవి. కల్పించింది మాత్రం ఆ చెయ్యి ఒక్కటే. అప్పటికి రజితకు స్పృహ లేదు.