బండి సంగతి పిల్లలు చూసుకుంటారు

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. పార్శిళ్లు చేరవేసే ఒక కంపెనీకి ప్రోగ్రాము రాసి, ఏళ్లుగా దాన్ని కంటికి రెప్పలా కాచుకుంటున్న మనిషి. మొండిదని పేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటుంది. చిక్కేమిటంటే, వంగి చూస్తే చాలాసార్లు మూడే ఉంటాయి.

ఆ ప్రోగ్రాము పుట్టిన రోజుల్లో కంపెనీకి ఉన్నవి వ్యాన్లే. అందుకని బండి అవసరమైన ప్రతిచోటా పెద్దక్క 'కొత్త వ్యాను' అని రాసేసింది. బరువు చూసేచోట వ్యాను, ఛార్జీ తేల్చేచోట వ్యాను, కబురు పంపేచోట వ్యాను. నిరుడు కంపెనీ దీవులకు పడవలు మొదలుపెట్టింది. 'వ్యానైతే అలా, పడవైతే ఇలా' అని ఆమె అన్నిచోట్లా అతుకులు వేసింది. ఒక్కచోట మరిచిపోయింది. చుట్టూ నీళ్లున్న జనానికి 'మీ వ్యాను గుమ్మం ముందుంది' అని కబుర్లు వెళ్లాయి. ఒకాయన 'ఈదుకుంటూ వచ్చిందా?' అని తిరిగి అడిగాడట.

నవ్వుకోవలసిన మాటే. కానీ ఆఫీసు నుంచి ఫోను వచ్చేసరికి పెద్దక్క ఈతకొలను దగ్గర కూర్చుని ఉంది. ఇంట్లో చేపపిల్ల అని పిలుచుకునే ఆమె కూతురు మొదటిసారి పెద్ద పోటీలో దిగబోతోంది. అతుకులు ఎక్కడెక్కడున్నాయో పెద్దక్కకొక్కదానికే తెలుసు. లేచి వెళ్లక తప్పలేదు. పిల్ల ఈది తలెత్తి చూసేసరికి కుర్చీ ఖాళీ. ఇంటికి వచ్చాక "ఈసారి ఫోను ఇంట్లో పెట్టి రామ్మా" అంది, అంతే. దెబ్బలాడినా బాగుండేదని తల్లి చాలాసార్లు అనుకుంది.

మర్నాడే అతుకులు విప్పడం మొదలుపెట్టింది. పని వరుసంతా ఒకేచోట, తల్లి క్లాసు అని పిలిచే ప్రోగ్రాము ముక్కలో రాసింది. పార్శిలు తూచు, బండి తెప్పించు, ఎక్కించు, కబురు పంపు. 'బండి తెప్పించు' అన్నచోట మాత్రం ఏ బండో చెప్పలేదు. ఆ ఒక్క పనీ దాన్నుంచి పుట్టే చిన్న ముక్కలకు, అంటే పిల్ల క్లాసులకు వదిలేసింది. రోడ్డు సంగతి చూసే పిల్ల వ్యాను తయారుచేసి ఇస్తుంది, నీళ్ల సంగతి చూసే పిల్ల పడవ ఇస్తుంది. వచ్చినదానికి బరువు మోయడం, కదలడం, తన పేరు తాను చెప్పుకోవడం వస్తే చాలు, తల్లి ఇంకేమీ ఆరా తీయదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు దీన్నే ఫ్యాక్టరీ మెథడ్ అంటారు.

పక్క సీటులో కూర్చునే, ఆమె తమ్ముడని పిలుచుకునే కుర్రాడు నవ్వాడు. "ఒక్క పడవ కోసం ఇంత ఇల్లు కట్టాలా అక్కా? ఇంకో అతుకేస్తే పోయేదానికి."

"ఈ అతుకుల బొంతకి సూదిని నేనే అయిపోయాను తమ్ముడూ. నేను లేకపోతే కుట్టేవాళ్లు లేరు."

మేనేజరుకు అసలే భయం. "నడుస్తున్నదాన్ని ఎందుకమ్మా కెలకడం?"

"కొత్త బండి వచ్చినప్పుడు తల్లి క్లాసులో ఒక్క అక్షరం మార్చాల్సొస్తే, ఈ పని ఇంకొకరికిచ్చెయ్యండి" అంది పెద్దక్క. అనేశాక గానీ ఏం పందెం కాసిందో తెలియలేదు. ఆ ప్రోగ్రాము ఆమె ప్రాణం మరి.

ఈ ఏడు పోటీ రోజునే కంపెనీ ఇరుకు సందులకు సైకిళ్లు దింపింది. పని తమ్ముడి మీద పడింది. "ఆగిపోతే ఫోను చెయ్యి" అని చెప్పి పెద్దక్క కొలను దగ్గరికి వెళ్లింది.

ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మోగలేదు. మొదట హాయిగా అనిపించింది, తరువాత కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. ఇంతకాలం తను లేకుండా ఒక్క పూట గడవని చోటు, ఇప్పుడు తనను తలుచుకోవడం లేదు. ఇంతలో చేపపిల్ల నీళ్లలోకి దూకింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా రెప్ప వేయకుండా చూసింది తల్లి. మూడో స్థానం. పిల్ల తల పైకెత్తి ముందు కుర్చీ వైపే చూసింది. అమ్మ అక్కడే నిలబడి చప్పట్లు కొడుతోంది.

అప్పుడు మోగింది ఫోను. గట్టు ఎక్కుతున్న పిల్ల ముఖం మాడిపోయింది.

"ఏం లేదక్కా, సైకిళ్లు తిరుగుతున్నాయి. చెబుదామని చేశాను" అన్నాడు తమ్ముడు.

"ఏం మార్చావు?"

"సైకిలుకొక క్లాసు, దాన్ని తయారుచేసిచ్చే పిల్ల క్లాసొకటి కొత్తగా రాశా. ప్రోగ్రాము మొదట్లో ఏ పిల్ల క్లాసును పిలవాలో చెప్పేచోట ఒక్క వాక్యం చేర్చా."

"తల్లి క్లాసులో?"

"మీ ఫైలు తెరవనే లేదక్కా."

పెద్దక్క కళ్లు చెమర్చాయి. ఆ ప్రోగ్రామును మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఇంతమాట ఎవరూ అనలేదు.

తువ్వాలు చుట్టుకుని వచ్చిన చేపపిల్ల మెల్లగా అడిగింది. "వెళ్లాలా అమ్మా?"

"అక్కర్లేదే. నా అవసరం లేదట" అంది పెద్దక్క. అమ్మ ఏ మాటా అంత గర్వంగా చెప్పగా ఆ పిల్ల ఎన్నడూ వినలేదు.