మడికి పనికిరాని బిందె

మొన్న మా పెద్దమ్మాయి రాయగడలో ఉన్న మా ఇంటికి వచ్చి, అటక మీద సత్తు సామానంతా కిందికి దింపించి వరండాలో కుప్ప పోయించింది. అల్యూమినియం గిన్నెల్లో వండుకు తింటే మతి పోతుందని, ఎముకలు గుల్లబారతాయని ఎవరో దాని ఫోనుకి పంపించారట. పాత సామాన్లవాడి ఆటో మా వీధిలోకి ఎప్పుడొస్తుందో కూడా తనే వాకబు చేసి పెట్టుకుంది. గిన్నెలూ మూతలూ పోతే పోయాయి గాని, ఆ కుప్పలోంచి సొట్టలు పడ్డ ఒక చిన్న బిందెని మాత్రం తీసి నా మంచం పక్కన పెట్టుకున్నాను. దాని జోలికి వచ్చేవాళ్ళు ముందు నన్ను ఆటో ఎక్కించాలని చెప్పాను.

ఏళ్ళ తరబడి బడిలో ఒడియాలో సైన్సు పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడుకున్న మనిషిని, ఫోనులో వచ్చిన ముక్కకి బెదిరిపోతానా! పులుసూ, మజ్జిగా, ఊరగాయా సత్తుగిన్నెలో నిలవ ఉంచకూడదన్నది నిజమే, పులుపు ఆ లోహాన్ని కొద్దికొద్దిగా తింటుంది, ఆ సంగతి మన అమ్మలకి ఏ చదువూ లేకుండానే తెలుసు, అందుకే చారు కాగగానే రాతిచిప్పలోకి వంపేసేవారు. అంతమాత్రానికి మొత్తం లోహాన్నే ఊళ్ళోంచి వెలేస్తారా? కొండల మీదుగా కరెంటు మోసుకొచ్చే తీగ అదే, బస్సు ఒంటికి తొడిగిన రేకు అదే, మా అమ్మాయి రోజూ పొద్దున్నే మింగే బీపీ మాత్ర వెనక తళుక్కుమనే కాగితంలాంటి రేకూ అదే. వాటిని వరండాలో కుప్ప పోయమనండి చూద్దాం.

నా తరంవాళ్ళు కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను. నేను కాపురానికి వచ్చింది నందపూర్‌కి. మా మామగారి తండ్రి ఎప్పుడో విజయనగరం వైపు నుంచి వచ్చి జయపురం సంస్థానం కచేరీలో కుదురుకున్నారట. సంస్థానం పోయింది గాని మా ఇంట్లో ఇత్తడి పోలేదు. గుండిగలూ, గంగాళాలూ, కాగులూ, ఒక్కొక్కటి కదపాలంటే ఇద్దరు మనుషులుండాలి. ఏ పండక్కో వాటిని తోమి ఎండలో బోర్లిస్తే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు, ఆ చూపులతోనే మా అత్తగారికి కడుపు నిండిపోయేది.

ఆ ఇంటికి నుయ్యి లేదు. ఇంటి వెనక ఏటవాలు దిగితే, అక్కడివాళ్ళు ఝోలా అనే సన్నటి వాగు ఉండేది, వంటకీ పూజకీ నీళ్ళు అందులోంచే రావాలి. తడిచీర కట్టుకుని తేవాలి, ఇత్తడి బిందెలోనే తేవాలి, కోడలే తేవాలి, పనిమనిషి చెయ్యి తగలకూడదు. మా వారికి గుణుపురంలో ఉద్యోగం, శనివారం సాయంత్రం బస్సు దిగి సోమవారం పొద్దున్న ఎక్కేవారు. ఆయన ఉన్న రెండు పూటలూ తానే తెస్తానంటే, మగాడు మడినీళ్ళు మోస్తే నలుగురూ నవ్వుతారని అత్తగారు బిందె లాక్కునేవారు. ఆ ఇత్తడి బిందె ఖాళీగా ఎత్తితేనే నడుం ఒక పక్కకి ఒరిగేది. నిండాక, వానలో, ఆ ఎర్రమట్టి జారుడులో దాన్ని చంకనెత్తుకుని ఎక్కడం ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకి తప్ప తెలియదు. నా మొదటి కడుపు ఆ వానాకాలంలోనే పోయింది. ఇంట్లో అందరూ నా జాతకాన్ని తప్పుపట్టారు, ఇత్తడిని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

మళ్ళీ నెల తప్పినప్పుడు కొరాపుట్ ఆసుపత్రి డాక్టరమ్మ, బరువెత్తావో ఇదీ దక్కదని నా మొహం మీదే చెప్పేసింది. అత్తగారితో ఆ మాట చెబితే, మేం మొయ్యలేదా, మేం కనలేదా అన్నారు. ఇంక ఆవిడ దయ మీద ఆధారపడితే లాభం లేదనుకుని సంతకి వెళ్ళాను. సాలూరు వైపు నుంచి వచ్చే సామాన్లవాడు ఒకడు ఈ బిందెని వేలి మీద తిప్పుతూ, "సూడండమ్మా, సిన్నపిల్లయినా సంకనెత్తీగల్దు, నీళ్ళ బరువు కూడా తెలీదు" అన్నాడు. వర్తకుడి మాట వర్తకుడిదే, నీళ్ళ బరువుని ఏ లోహమూ తగ్గించలేదు. కాని అదే కొలతలో చేస్తే ఇత్తడి బరువులో మూడోవంతు కూడా ఉండదు ఈ సత్తు, పైగా నేను కావాలనే చిన్నది ఏరుకున్నాను. జయపురం కాలేజీలో చదివిన చదువు నాకు మొట్టమొదట పనికొచ్చింది ఆ సంతలోనే.

ఇంటికి రాగానే అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు. "ఏటే అమ్మీ అది? సత్తుబిందె నీళ్ళు దేవుడికి పోస్తావటే?" అని, చివరికి మామగారి ముందు ఒక ఒప్పందానికి వచ్చారు. కొత్త పాత్ర ఏదైనా మడిలోకి రావాలంటే ముందు దాన్ని పొయ్యి బూడిద కలిపిన నీళ్ళతో నింపి మరగకాచడం ఆ ఇంటి ఆనవాయితీ, ఇత్తడి అయితే అందులోంచి పెళ్ళికూతురులా బైటికొచ్చేది. ఇదీ అలా వస్తే ఒప్పుకుంటానన్నారు. వద్దండీ, దీనికి బూడిదనీళ్ళు పడవు అని నేను అంటూనే ఉన్నాను, వింటేనా! నీళ్ళు కాగేసరికి బిందె బుసబుసమని పొంగి లోపలంతా నల్లగా మాడినట్టయింది. ఆవిడ పక్కింటివాళ్ళని కేకేసి మరీ చూపించారు. "చూసేరా, లోపలి విషం ఎలా బైటపడిందో!"

విషమూ లేదు, పాడూ లేదు. ఇనుముకి తుప్పు పడితే ఇనుము తరిగిపోతుంది, అల్యూమినియానికి గాలి తగలగానే పైన కంటికి కనపడని పొర కడుతుంది, ఆ పొరే దాన్ని గాలి నుంచీ నీటి నుంచీ కాపాడుతుంది. బూడిదలోని క్షారం ఆ పొరని ఊడబెరుకుతుంది, అంతే. నల్లబడ్డ బిందెలో చింతపండు పిసికిన నీళ్ళు పోసి పెరట్లో పొయ్యి మీద పెట్టాను, కాసేపటికి నలుపంతా వదిలి తెల్లగా మెరిసింది. అదీ గారడీ అన్నారు. అప్పుడింక నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడికి కావలసిన నీళ్ళు మీరు తెచ్చుకోండి అత్తయ్యగారూ, ఈ ఇంట్లో మనుషులకి కావలసినవి నేను తెస్తాను, దీంతోనే తెస్తాను అని చెప్పి, వీధి వీధంతా చూస్తుండగా సత్తుబిందె చంకన పెట్టుకుని వాగుకి దిగాను. కోడలు ఎదురు తిరిగిందని ఊరంతా పొక్కింది. పొక్కితే పొక్కనీ, నా కడుపులో ఉన్నదానికి ఊరి మాటలు వినపడవు కదా అనుకున్నాను.

అత్తగారు పంతం మనిషి. నా నీళ్ళతో వండింది ముట్టకుండా, ఇత్తడి బిందె తనే ఎత్తుకుని దిగడం మొదలుపెట్టారు. ఒక పొద్దున్న నేను నీళ్ళతో పైకొస్తుంటే ఏటవాలు మధ్యలో ఆవిడ బిందె పక్కన పెట్టుకుని కూలబడి కనిపించారు. రొప్పు తగ్గాక, ఎన్నడూ చెప్పని మాట చెప్పారు. "నాకూ ఒక కడుపు ఇక్కడే పోయిందే అమ్మీ. మీ మామగారికి కూడా తెలీదు."

మీరైతే ఆవిడని కావలించుకుని ఏడ్చేవారేమో. నాకు మాత్రం ఇంకా కోపం వచ్చింది. తెలిసుండి ఆ బరువు నా చంకకెందుకు ఎత్తారండీ అని అడిగేశాను. ఆవిడ ఇత్తడి బిందెలో నీళ్ళు ఆ వాలు మీదే ఒంపేసి, ఖాళీ బిందె పట్టుకుని నా వెనకే పైకి వచ్చారు. ఆ పూట దేవుడికి అభిషేకం నా సత్తుబిందె నీళ్ళతోనే జరిగింది. ఆయనేమీ అలిగినట్టు కనపడలేదు. ఆ కడుపు దక్కింది, మొన్న వరండాలో సామాన్లు కుప్ప పోయించింది ఆ పిల్లే.

కాలం ఎంత మారిందో తలుచుకుంటే వింతగానే ఉంటుంది. వంటగదిలో కుళాయి తిప్పితే నీళ్ళు, మడి మాట ఎత్తేవాళ్ళు లేరు, ఆ ఇత్తడంతా పంపకాల్లో పోయి ఎవరెవరి డ్రాయింగ్ రూముల్లోనో పూలకుండీలైంది. మేం అరుగులు అలుక్కున్న ఎర్రమట్టిలోనే ఈ లోహం దాగుందని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇప్పుడు కొండలకి కొండలే తవ్వి పట్టుకుపోతున్నారు.

పోయిన నెల ఒక పెళ్ళికి మా అమ్మాయి కారులో టికిరి మీదుగా వెళ్ళాం. తవ్వుతున్న కొండ మీంచి ఎర్రదుమ్ము రేపుకుంటూ లారీలు దిగుతున్న రోడ్డు పక్కన, నెలలు నిండుతున్న పిల్ల ఒకతె నెత్తి మీద సత్తుబిందె, చంకలో ప్లాస్టిక్ బిందె పెట్టుకుని గట్టెక్కుతోంది. కారు ఆపించి, అక్కడి కొండవాళ్ళు మాట్లాడే దేశియా భాషలో, వచ్చీరాకుండానే, ఎన్నో నెల అని అడిగాను. ఎనిమిదో నెల అంది నవ్వుతూ. ఇంట్లో మొయ్యడానికి ఇంకెవరూ లేరా అంటే, నీళ్ళు ఇంకెవరు మోస్తారు అన్నట్టు నాకేసి విచిత్రంగా చూసి, బిందె సర్దుకుని వెళ్ళిపోయింది. బరువు తగ్గించే లోహం ఆ కొండ నిండా ఉంది, ఆ కొండ కింద గుడిసె దాకా ఒక కుళాయి రాలేదు. కారు కదిలాక మా అమ్మాయి అద్దంలోంచి నన్ను చూసి, ఎందుకమ్మా ఏడుస్తున్నావు అంది.

ఏడవట్లేదే అమ్మీ, కోపం వస్తోంది అన్నాను.