కిటికీ పక్క బెంచీ చట్టం

మొన్న పొద్దున సండూరు నుంచి చిన్నప్పటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "సార్ పోయినారంట మే" అని ఏడ్చింది. హైస్కూల్లో మాకు సోషల్ చెప్పిన సార్. బళ్ళారిలో బస్సెక్కి వెళ్లేసరికి అంతా అయిపోయింది. కడసారి చూసుకోలేకపోయాను.

శాసనసభ పాఠం వస్తే ఆయన పుస్తకం మూసేసేవారు. తరగతే సభ, ఆయన స్పీకరు. ఎవరైనా బిల్లు పెట్టొచ్చు. చర్చ అయ్యాక ఓటు మా కర్ణాటక సభలో లాగే కన్నడంలో: ఒప్పుకుంటే "హౌదు", లేకుంటే "ఇల్ల". ఈమధ్య కూడా టీవీలో సభ గొడవ చూసి నేను ఫోన్‌లో తిట్టిపోస్తుంటే, "అరిచేవాళ్లను ఇడిసిపెట్టు తల్లీ, ఎవరు వింటాండారో చూడు" అనేవారు.

నేను పెట్టిన బిల్లు నేను కూర్చునే కిటికీ పక్క బెంచీ గురించి. ఉక్కకు కిటికీ మూయలేం. తీస్తే ఖనిజం లారీల ఎర్రదుమ్మంతా నా మీదే. దగ్గు ఆగేది కాదు. ఇట్లాగైతే బడి మాన్పిస్తానని మా అమ్మ పట్టుబట్టింది. తరగతిలో ఉండేవాళ్లందరూ వంతులవారీగా ఆ బెంచీలో కూర్చోవాలన్నాను. ముందు బెంచీ పిల్లోడు లేచి, "నేనేల దుమ్ము తినాల సార్?" అన్నాడు. ఓట్లు సరిసమానంగా వచ్చాయి. ఇక స్పీకరు ఓటే తేల్చాలి. సార్ నా పక్షమేనని ధీమాగా ఉన్నాను. ఆయన "ఇల్ల" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నా దగ్గు మీకు తెల్దా సార్?" అని అడిగేశాను.

"తెలుసు తల్లీ. సగం మంది వద్దన్నదాన్ని నేనొకన్నే చట్టం చేస్తే అది నా పెత్తనమైతాది. ఇంగొకరిని ఒప్పించుకొని మళ్లా తే."

కొన్నాళ్లకు కోపం తగ్గి, ఆ పిల్లోడినే బతిమాలి ఒక పూట నా చోట కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి కళ్లు నులుముకుంటూ, "ఏంది మే, దినామూ ఇట్లేనా నీకు?" అన్నాడు. మళ్లీ బిల్లు పెడితే మొదట "హౌదు" అన్నది వాడే. హెడ్‌మేడమ్ గవర్నరై సంతకం పెట్టారు. నేను బడి మానకుండా పది పాసయ్యానంటే అది సార్ చలవే.

వంతులు మొదలయ్యాయి. పిల్లలందరి వంతూ అయిపోయిన మర్నాడు సార్ వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు.

"తరగతిలో ఉండేవాళ్లందరూ అంటివి గదమ్మా. నేనూ ఈడ ఉండేవాన్నే గదా."

నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి పాఠం చదవమన్నారు. తెల్లచొక్కా భుజం ఎర్రబడుతున్నా దులుపుకోకుండా వింటూ ఉన్నారు. ఒక్కసారి కూడా దగ్గకుండా చివరిదాకా చదివాను.