దుబాయి దిక్కు పోయిన ఎండ మూల

2020 లాక్‌డౌన్, ఏప్రిల్ రెండో శనివారం, సాయంత్రం ఏడూ ముప్పై ఒకటి. సూరత్‌లో మా బిల్డింగు డాబా మీద నా పరువు పోవడం సరిగ్గా ఆ నిమిషానే మొదలైంది. అప్పుడు నాకు అరవై ఏడేళ్లు. చిన్నతనం, తెలిసీ తెలియని వయసు.

మనుషులు ఉండే అంతరిక్ష కేంద్రం ఆ సాయంత్రం మా మీదుగా పోతుందని మనవరాలు శ్రావణి ఫోనులో చూసి చెప్పింది. చెప్పిన వేళకే, దీపం పట్టుకుని పోతున్న చీమలా అది ఆకాశం దాటి వెళ్లింది. పక్కింటి నర్సవ్వ పొయ్యి దగ్గర ఉండి చూడలేకపోయింది.

"అయ్యో అక్కా, జర పిలువకపోతివి!"

"ఫికర్ జెయ్యకు. భూమి చుట్టు ఒక్కసారి తిరిగి రానీకె దానికి తొంభై రెండు నిమిషాలు. తొమ్మిదీ మూడుకు మల్ల గీడనే ఉంటది."

సూరత్ పక్కనే ఉన్న పల్సానాలో ఇరవై ఏళ్లు మరమగ్గాల మధ్య పనిచేసినదాన్ని. మగ్గం మీద అడ్డదారం మోసే నాడె ఎటు పోయినా తిరిగి ఉన్నచోటికే వస్తుంది. ఆకాశంలో మాత్రం వేరే పద్ధతి ఎందుకుంటుంది, మీరే చెప్పండి?

"రాకపోతే?" అంది నర్సవ్వ.

"రాకపోతే నా ఎండ మూల నీకే, పో!"

ఆ మూల సంగతి మీకు చెప్పాలి. మా డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ పడని చోటు అదొక్కటే. బజారు మూసేసిన ఆ రోజుల్లో, ఏడాదికి సరిపడా మామిడి ఒరుగులు ఎండాలంటే నాకు అదే దిక్కు. నర్సవ్వ కన్ను కూడా ఎప్పటినుంచో దానిమీదే.

తొమ్మిదికల్లా బిల్డింగంతా మాస్కులు కట్టుకుని, తలలెత్తి నిలబడింది. తొమ్మిదీ మూడు వచ్చింది. పోయింది. తొమ్మిదీ పది కూడా పోయింది.

"గదిగో!" అని గట్టిగా ఒక చుక్కను చూపించాను.

"గది కదుల్తలేదు గదా అక్కా."

"దూరం ఉన్నది. అందుకే గట్ల కనవడ్తది."

"అబ్బో, మస్తు దూరం పాటిస్తున్నది!"

శ్రావణి నెత్తి కొట్టుకుంది. "అమ్మమ్మా, అది తిరిగొచ్చేదాంక కింద భూమి ఊకుంటదా? భూమి గూడ తిరుగుతది కదా! అది ఇప్పుడు దుబాయ్ దిక్కు పోయుంటది. బస్, ఖతం."

"ముందుగాల చెప్పకపోతివి?"

"నువ్వు లెక్క చెప్పేటప్పుడు నడుమ మాట్లాడితే తిడ్తవు కదా."

నర్సవ్వ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "దుబాయికా! విమానాలే బంద్ ఉంటే, దానికి వీసా ఎవడిచ్చిండే?"

డాబా డాబా అంతా నవ్వింది. నాడె తిరిగొచ్చేలోపు మగ్గం మీద బట్ట ముందుకు జరిగిపోతుందని ఇరవై ఏళ్లు చూసి కూడా నాకు తోచలేదు. దేశం మొత్తాన్ని కదలొద్దన్నారు. భూమి ఒక్కటే మాట వినలేదు.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కాళ్ల కింద ఏం తిరుగుతోందో చూసుకోకుండా, తల మీద తిరిగేవాటికి ఇక ఎన్నడూ పూచీ పడను.

పోయినవి: ఎండ మూల ఒకటి. నీడలో బూజు పట్టిన మామిడి ముక్కలు నాలుగు కిలోలు. 'లెక్కల అక్క' అన్న పేరు ఒకటి. దాని బదులు 'దుబాయి అమ్మమ్మ' వచ్చింది కానీ, దాన్ని రాబడి కింద రాసుకోలేదు.