బ్యాటుకి కట్టిన వలదారం

మా చిన్నతనంలో ఒక శనివారం పొద్దున్న... మా నాయనమ్మ, మా అన్నయ్య బ్యాటు తీసుకుని, దాని తీగలన్నీ కత్తిపీట మీద పెట్టి తెగ్గోసేసింది.

అవి గొర్రె పేగుతో చేసిన తీగలని ఆ వేళే ఎవరో చెప్పారట. "మడి కట్టుకునే ఇంట్లో పేగులు వేలాడదీస్తావురా!" అంటూ ముక్కలన్నీ వీధిలోకి ఊడ్చేసి, తలస్నానానికి వెళ్ళిపోయింది.

అన్నయ్య వెంకటరత్నం రాజమండ్రిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు. శనివారం పడవెక్కి మా ఊరు కొవ్వూరు వచ్చి, సోమవారం పొద్దున్నే తిరిగి వెళ్ళేవాడు. ఆ బ్యాటు బడిది. సోమవారం సాయంత్రం దొరల జట్టుతో బ్యాడ్మింటన్ పోటీ... ఉన్ని బంతితో ఆడేవారు అప్పట్లో. ఖాళీ చట్రం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. పదిహేనేళ్ళ అన్నయ్య ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మాది నూలు, జనుము నార అమ్మే కొట్టు. పోలమ్మ మా దగ్గర నార పట్టుకెళ్ళి, దారం పేని, వలలు అల్లేది. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. గోదారి ఒడ్డున గుడిసె. నేనే పరిగెత్తుకెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చాను.

పోలమ్మ పెరట్లో చతికిలబడి, చట్రాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నొక్కి చూసింది. మూడు రకాల దారాలు ముందు పరిచింది.

"సన్నదారం కడితే బంతి రివ్వున పోద్దండి, కానీ నాలుగు దెబ్బలకే తెగుద్ది. లావుది తెగదు గానీ, బంతి కాళ్ళకాడే పడిపోద్ది. ఈ మధ్యరకం కట్టుకోండి బాబుగోరూ."

మధ్యాహ్నమంతా కట్టింది. చట్రం పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఒక్కో పోగూ లాగాక నా చూపుడువేలు దాని మీద పెట్టించేది. "మీటి చూడండి పాపగోరూ... పక్కదానిలాగే మోగాలి. మీ ఏలికి తెలుద్ది." చివరి అయిదారు పోగులు నాచేతే లాగించింది. "బంగారం లాంటి చెయ్యి మీదండి" అంది. నా చేతులకి ఏదైనా వచ్చని అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు...

వెళ్ళేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పింది. "కాస్త వదులుగానే ఉంచానండి. నార తడిస్తే బిగుసుకుపోద్ది, చెక్క తట్టుకోలేదు. ఇంక దీన్ని ముట్టుకోకండి."

ఆదివారం అన్నయ్య గోడకేసి బంతి కొట్టి మొహం చిట్లించాడు. "మెత్తగా ఉందే... నువ్వు నేర్చుకున్నావుగా, ఇంకాస్త బిగించు."

పోలమ్మ మాట చెప్పాను.

"పడవలో తీసుకెళ్తే తడుస్తుందా ఏంటి? బిగిస్తావా, లేదా?"

బిగించాను. అన్నయ్యకి భయపడి అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను గానీ, నిజం అది కాదు. ఒక్కదాన్నే చెయ్యాలని నాకూ ఆశ పుట్టింది. ఒక్కో ముడీ విప్పి, కాలితో తన్నిపట్టి లాగి, ఖంగుమనేదాకా బిగించాను.

సోమవారం నడి గోదారిలో వాన పట్టుకుంది. అన్నయ్య పుస్తకాలు చొక్కాలో దాచుకున్నాడు. బ్యాటు తడిసిపోయింది. సాయంత్రం ఆట మధ్యలో చట్రం నెర్రె విచ్చి వంకర తిరిగిపోయిందట... దొరలు నవ్వారట. మర్నాడే ఇంటికొచ్చి, "పోలమ్మ దారం వల్లే" అన్నాడు.

నాన్న పోలమ్మకి కబురంపారు. ఆవిడ గుమ్మం కింద నిలబడి చట్రం చూసింది.

"ఇది నేను కట్టిన ముడి కాదండీ. నేను పోయాక ఎవరో విప్పి బిగించారు."

"ఎవరు?" అన్నారు నాన్న.

అన్నయ్య తల వంచుకున్నాడు. నాన్న నావైపు తిరిగారు. "నువ్వేమైనా చేశావా?"

పోలమ్మ కూడా నావైపే చూసింది. ఆ చూపులో కోపం లేదు... చెప్తాననే నమ్మకంతో చూసింది.

నేను అడ్డంగా తలూపాను.

"మా పిల్లల మీద పెడతావా!" అని నాయనమ్మ విరుచుకుపడింది. నాన్న ఒక్కటే మాటన్నారు: "ఇక నీకు నార ఇవ్వను." బజారులో మిగతా కొట్లవాళ్ళూ నాన్న మాట మీద నడిచేవాళ్ళే. ఎవరూ ఇవ్వలేదు. నార లేకపోతే వల లేదు, వల లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి లేదు...

పోలమ్మ "అట్టాగేనండి" అని వెళ్ళిపోయింది. ఆ వర్షాకాలం అయ్యేలోపే పిల్లల్ని తీసుకుని సముద్రం వైపు పోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఎంతమందిని అడిగినా తెలియలేదు.

అన్నయ్య ఇప్పుడు పేరున్న ప్లీడరు. మొన్నామధ్య స్నేహితుల్ని కూర్చోబెట్టుకుని నవ్వుతూ చెప్తున్నాడు. "మా చిన్నప్పుడు ఓ వలలల్లే ఆడది చెత్తదారం కట్టి దొరల ముందు నా పరువు తీసింది..."

మంచినీళ్ళు తెచ్చిన నేను అక్కడే నిలబడిపోయాను. "బిగించింది నేను. బిగించమన్నది నువ్వు" అన్నాను.

"ఎప్పటి సంగతే అది!" అని అన్నయ్య నవ్వేశాడు. వాళ్ళూ నవ్వారు.

అంతే... అంత తేలిగ్గా అయిపోయింది. పదేళ్ళప్పుడు నోట్లోంచి రాని మాట, ఎవరికీ అక్కర్లేనప్పుడు వచ్చింది.

ఇప్పుడు గోదారి మీద వంతెన పడింది. బ్యాట్లు మద్రాసులోనే తీగలు బిగించుకుని రైల్లో దిగుతున్నాయి. పడవలో తడిసే పనీ లేదు, పెరట్లో కూర్చుని దారం మీటి చూసే మనిషీ లేదు...

మీ ఇంటి గుమ్మం ముందు నుంచి కూడా, చెయ్యని తప్పు మోసుకుని ఎవరో ఒకరు వెళ్ళిపోయే ఉంటారు. మీరు అప్పుడు ఊరుకునే ఉంటారు... ఆ మనిషి పేరు గుర్తుంటే, ఇప్పుడైనా పైకి చెప్పండి.